చెరిపినాక, రాసేలోపు

ఇది చదివేవాళ్లకి

క్రేన్ క్యాబిన్‌లో ఒక చిన్న బోర్డు ఉంటుంది. మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు కొక్కేనికి తగిలిస్తే హారన్ కొట్టి, ఎత్తే మోటారును ఆపేయడం దాని పని. అలాంటి బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీలో, ఆటోనగర్ రేకుల షెడ్డులో, నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. నేను సర్వీసు ఇంజినీరుని. అంటే బోర్డు బాగున్నంతకాలం నా పేరు ఎవరికీ గుర్తుండదు, పాడైన రోజు మాత్రం అందరూ నన్నే తిడతారు.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు సీనియర్‌ని అయ్యాను, చివరి రోజు శాలువా ఎవరు కప్పారు, ఇవేవీ రాయను. చదివేవాళ్లకి నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. ఇప్పుడిప్పుడే ఈ పనిలో దిగుతున్న పిల్లలకి ఒక సంగతి చెబుదామని కూర్చున్నాను. సంతోషంగా ముగిసే సంగతి కాదు, ముందే చెబుతున్నాను.

ఆ బోర్డు మీద మైక్రోకంట్రోలర్ అనే చిప్ ఉంటుంది. దానిలో ప్రోగ్రాం మెమరీ ఉంటుంది. కరెంటు పోయినా అందులో రాసింది అలాగే ఉంటుంది. కాలేజీలో ఇంతవరకు చెబుతారు. సరిగ్గా చెప్పనిది ఏమిటంటే, అందులో ఒక్క అంకె మార్చాలన్నా ఆ అంకె ఉన్న వరస మొత్తం ముందు చెరిపి, తర్వాత మొత్తం మళ్లీ రాయాలి. పలక మీద ఒక అక్షరం తప్పు పోతే తడిగుడ్డతో వరసంతా తుడిచి మళ్లీ రాసుకున్నట్టు. చెరపడానికీ రాయడానికీ మధ్య కొంచెం వ్యవధి ఉంటుంది. రెప్పపాటు కూడా ఉండదు. ఆ వ్యవధిలో కరెంటు పోతే ఆ వరస ఖాళీగా మిగిలిపోతుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఖాళీ అయిన చోట సున్నా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉండదు. చెరిపిన చోటును చదివితే, అక్కడ పట్టగలిగిన అతి పెద్ద అంకె కనిపిస్తుంది. ఈ ముక్క గుర్తుంచుకుని మిగతాది చదవండి.

ఉప్పుగాలి

మెమరీలోకి రాయడం కుదరకపోతే కుర్రాళ్లు ముందు చిప్‌ని తిడతారు. తర్వాత ప్రోగ్రాం రాసినవాణ్ణి తిడతారు. నేనూ అదే చేసేవాణ్ణి. ఒకసారి భీమునిపట్నంలో ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను. దిమ్మలు పైకి లాగే హాయిస్ట్‌కి మా బోర్డే ఉండేది. కొత్త ప్రోగ్రాం ఎక్కిద్దామంటే ఎక్కదు. రాసేది ఒకటి, తిరిగి చదివితే ఇంకొకటి. చిప్ పోయిందని తేల్చేసి, తిరిగొచ్చి మా యజమాని మూర్తిగారికి అదే చెప్పాను.

ఆయన బోర్డును చేతిలోకి తీసుకుని కేబుల్ గుచ్చే పిన్నుల వైపు చూశారు. "పచ్చగా పట్టింది కనబడలేదేటయ్యా నీకు?" అన్నారు. సముద్రం పక్కన పెట్టిన లోహం అది, చిలుము పట్టకుండా ఎలా ఉంటుంది? టేబుల్ సొరుగులోంచి బడిపిల్లలు వాడే రబ్బరు తీసి పిన్నుల్ని తుడిచారు. మొదటిసారికే ప్రోగ్రాం ఎక్కింది. విశాఖపట్నంలో పని చేసేవాడు ముందు ఉప్పుగాలిని అనుమానించాలి, తర్వాత కేబుల్‌ని, తర్వాత కరెంటుని, తర్వాత తనని తాను, ఆఖర్న చిప్‌ని. ఈ వరస నాకు నేర్పింది ఆయనే. ముందు ముందు ఆయన గురించి మంచి మాటలు రాయలేను కాబట్టి ఇది ఇక్కడే రాసేస్తున్నాను.

పైడిరాజు

నేను రిటైర్ కావడానికి కొన్నేళ్ల ముందు, పోర్టు దారిలో ఉన్న ఒక ఇనుప యార్డులో ప్రమాదం జరిగింది. చువ్వల కట్ట ఎత్తుతుంటే స్లింగ్, అంటే కట్టకి చుట్టి కొక్కేనికి తగిలించే ఇనుప తాడు, తెగింది. కింద కట్టలకి స్లింగులు వేసే అప్పలస్వామి అక్కడికక్కడే చనిపోయాడు. పైన క్రేన్ నడుపుతున్నవాడు పైడిరాజు. అప్పలస్వామి అతనికి స్వయానా బావ, అక్క మొగుడు. యార్డులో పని ఇప్పించింది కూడా ఆ బావే.

కట్ట బరువు చీటీలో రాసినదానికన్నా చాలా ఎక్కువ ఉందని తర్వాత తేలింది. రెండు కట్టలు కలిపి బిగించేశారు. అది మామూలే, ప్రతి యార్డులోనూ జరుగుతుంది. అలాంటప్పుడు పట్టుకోవడానికే మా బోర్డు ఉన్నది. హారన్ కొట్టాలి, మోటారు ఆగాలి. ఆ రోజు హారన్ కొట్టలేదు, మోటారు ఆగలేదు.

యార్డు ఎలక్ట్రీషియన్ మా బోర్డు తెరిచి చూస్తే లోడ్ లిమిట్ ఉండాల్సిన చోట ఆకాశమంత అంకె ఉంది. ఆ లిమిట్‌తో ఓడని ఎత్తినా మోటారు ఆగదు. మెనూలోకి వెళ్లి లిమిట్ మార్చే పాస్‌వర్డ్ ఆపరేటర్లందరికీ తెలుసు. లారీలు తొందరగా నింపాలని మేస్త్రీలు వెంటపడితే కొందరు లిమిట్ పెంచేస్తుంటారు, అది నిజమే. అందుకని అందరూ ఒక్కటే అనుకున్నారు: పైడిరాజు లిమిట్ ఎత్తేశాడు, బావని చంపుకున్నాడు. యార్డు అతన్ని పనిలోంచి ఆపేసి విచారణ పెట్టింది.

బోర్డు మా షెడ్డుకి వచ్చిన మర్నాడే పైడిరాజు కూడా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"బాబూ, నాను ముట్టుకోలేదు. ఆ మెనూ జోలికి నానెప్పుడూ ఎల్లనేదు. మీరైనా నమ్మండి."

"నమ్మడం కాదు పైడిరాజూ, చూడాలి. చూస్తాను."

"ఉద్దోగం పోతే పోనీండి, నాకు బెంగ లేదు. మా అక్క నా మొకం సూడ్డం నేదు. దినం నాడు గుమ్మంలో అడుగెట్టనివ్వనేదు. నాను ఆ పని సెయ్యనేదని ఎవులైనా దానికి సెప్పాలి. నాను సెప్తే ఇనదు."

చిప్పులు, బోర్డులు బాగుచేసేవాడికి ఇంత పెద్ద పని అప్పజెప్పకూడదు. కానీ అప్పజెప్పేశాడు.

బెంచి మీద అన్నీ బాగానే ఉంటాయి

మొదట చిప్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి చదివి చూసుకున్నాను. మీరూ అదే చెయ్యండి. పాడైన బోర్డు చేతికొస్తే దానిలోకి ఏమీ రాయకముందే ఉన్నదంతా చదివి దాచుకోవాలి. ఒకసారి తిరగరాశాక సాక్ష్యం మిగలదు.

లోడ్ లిమిట్ ఉన్న వరసలోనే ఇంకో లెక్క కూడా ఉండేది. క్రేన్ ఎన్నిసార్లు స్టార్ట్ చేశారో ఆ లెక్క. వారంటీ గొడవల్లో పనికొస్తుందని మూర్తిగారు అడిగి పెట్టించుకున్నారు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ ప్రోగ్రాం ఆ వరసని చదివి, లెక్కకి ఒకటి కలిపి, వరస చెరిపి, మళ్లీ రాస్తుంది. ఏళ్లుగా నడుస్తున్న క్రేన్‌కి ఆ లెక్క వేలల్లో ఉండాలి. ఈ బోర్డులో వేళ్ల మీద లెక్కపెట్టేంత ఉంది. అంటే ప్రమాదం జరిగిన ఉదయమే ఆ లెక్క మళ్లీ మొదటికొచ్చింది. చెరిగిన చోట కనిపించే అతి పెద్ద అంకెకి ఒకటి కలిపితే, మీటరు తిరిగినట్టు మళ్లీ సున్నా వస్తుంది.

ఆ అంకెని మళ్లీ చదివి చూసుకున్నాను. ఎందుకంటే మెనూలో లిమిట్ మార్చొచ్చు గానీ స్టార్ట్ లెక్కని తాకే దారి లేదు. కస్టమర్లు దాన్ని మార్చేస్తారని మూర్తిగారే ఆ దారి మూయించారు. పైడిరాజు కాదు కదా, నేను మెనూలోకి వెళ్లినా ఆ లెక్కని చెరపలేను. వరస మొత్తం ఒకేసారి ఖాళీ అయితేనే రెండూ కలిసి పోతాయి. చెరిపినాక, రాసేలోపు కరెంటు పోయి ఉండాలి.

అనుకోవడం సులువు, చూపించడం కష్టం. బోర్డుని బెంచి మీద పెట్టి స్విచ్ వేసి తీసి, వేసి తీసి విసిగిపోయాను. ఒక్కసారీ వరస చెరగలేదు. ప్రోగ్రాం రాసిన అబ్బాయి అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే, "రాసే ముందు మిగతా పనులన్నీ ఆపేస్తాం సార్, రాయడానికి ముందు మెమరీ తాళం తీసే పద్ధతి కూడా కరెక్టే. ఇన్నేళ్లు నడిచింది కదా," అన్నాడు. ఇన్నేళ్లు నడిచింది కదా అనే మాట ఈ వృత్తిలో నేను ఎక్కువసార్లు విన్నాను. ఆ మాట విన్న ప్రతిసారీ తర్వాత ఏదో ఒకటి బయటపడింది.

బెంచి మీద తప్పు ఎందుకు దొరకలేదో తర్వాత తెలిసింది. బోర్డుకి కరెంటిచ్చే నా బెంచి సప్లైలో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. స్విచ్ తీసినా బోర్డుకి కాసేపు కరెంటు నిలుస్తుంది, ఈలోపు రాయడం అయిపోతుంది. క్రేన్‌లో ఆ కాసేపు నిలబెట్టాల్సింది బోర్డు మీద ఉన్న చిన్న కెపాసిటర్ ఒక్కటే. కొత్తలో బాగానే నిలబెట్టింది. ఏళ్ల తరబడి క్యాబిన్‌లో ఎండకి ఉడికి ఎండిపోయింది. ఎండలో ఉన్నదాన్ని నీడలో పరీక్ష చేస్తే ఏం తెలుస్తుంది?

మొదటిది అమ్మోరిది

యార్డు మేనేజరుని బతిమాలి, పాత బోర్డునే క్రేన్‌లో మళ్లీ బిగించాను. పైడిరాజుని రప్పించాను. క్యాబిన్ చాలా ఇరుకు. అతని వెనక ఒంటికాలి మీద నిలబడ్డాను.

"రోజూ పొద్దున్న ఎక్కగానే ఏం చేస్తావో అదే చెయ్యి. నాకోసం ఏమీ మార్చకు."

చెప్పులు విడిచాడు. స్విచ్ వేశాడు. బోర్డు చిన్నగా కూత పెట్టి దీపం వెలిగింది. వెంటనే స్విచ్ తీసేశాడు. రెండు చేతులూ జోడించి ప్యానెల్‌కి దండం పెట్టాడు. మళ్లీ స్విచ్ వేశాడు.

"మొదటిసారి ఎందుకు తీసేశావు?"

"మొదటిది అమ్మోరిదండి. రెండోది మనది. మాకు బండి నేర్పిన పెద్దాయన అలగే నేర్పినాడు. ఈ యార్డులో అందరం అలగే సేత్తాం."

నేను చాలాసార్లు క్రేన్లెక్కాను. ఒక్కసారి కూడా ఆపరేటర్ పొద్దున్న మొదటి స్విచ్ వేసే వేళకి లేను. పాడయ్యాక వెళతాం, బాగుచేసి దిగుతాం. మనం చేసిన వస్తువు మనం లేనప్పుడు ఎలా బతుకుతుందో మనకి తెలియదు.

పైడిరాజు చేత అదే పని మళ్లీ మళ్లీ చేయించాను. స్విచ్, కూత, ఆపడం, దండం, స్విచ్. ప్రతిసారీ మెమరీ చదువుతున్నాను. మొదట ఏమీ కాలేదు. దండం మానేసి ఉత్తినే చెయ్యమంటే అతనికి చేతకాలేదు, చేయి ఆటోమేటిక్‌గా లేచిపోయేది. ఎండ నడినెత్తికి వచ్చి క్యాబిన్ కాలిపోతున్నప్పుడు దొరికింది. లిమిట్ పోయింది, లెక్క పోయింది. వరస మొత్తం ఖాళీ.

"ఏటి బాబూ, కనబడిందా?"

"కనబడింది. నువ్వు మెనూ ముట్టుకోలేదు. తప్పు బోర్డుది."

అతను స్విచ్ మీద చెయ్యి తియ్యకుండానే ఏడ్చాడు. ఎలా కనబడిందని అడగలేదు. నేనూ అప్పుడు విడమర్చి చెప్పలేదు. నాకు ఆ పూట పండగలాగే ఉంది.

మూర్తిగారు

విషయం చెప్పగానే మూర్తిగారు తలుపు మూయించారు. భయపడ్డారు. అదే బోర్డులు పోర్టు చుట్టూ ఎన్ని క్రేన్ల మీద ఉన్నాయో ఆయనకి తెలుసు. నేను రాసిన రిపోర్టు రెండుసార్లు చదివి, "బాగా పట్టుకున్నావు," అన్నారు. ఆ మెచ్చుకోలు ఎక్కడికి దారితీస్తుందో నాకు తట్టలేదు.

విచారణలో ఆయనే లేచి మాట్లాడారు. యార్డు వాళ్లు ఒకవైపు, మేము ఒకవైపు. పైడిరాజు గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"మా ఇంజినీరు మొత్తం తేల్చాడండి. ఆపరేటర్ మెనూ ముట్టుకోలేదు, నిజమే. కానీ ఇతను స్విచ్ వేసి వెంటనే తీసేస్తాడు. దండం పెట్టుకోడానికి. ఆ తియ్యడం వల్లే లిమిట్ చెరిగిపోయింది. యంత్రాన్ని అలా వాడకూడదు. మా మాన్యువల్‌కి విరుద్ధం."

పైడిరాజు ముందు ఆయన వైపు చూశాడు, తర్వాత నా వైపు. ఎలా జరిగిందో అతనికి తెలిసింది ఆ క్షణంలోనే. అతన్ని గట్టెక్కిద్దామని వెతికి పట్టుకున్న సంగతిని తిప్పి అతని మెడకే చుట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

లేచి చెప్పాను. మా మాన్యువల్‌లో అలాంటి మాట ఎక్కడా లేదు, నేనే తెచ్చాను, చూసుకోండన్నాను. స్విచ్ ఉన్నది వెయ్యడానికీ తియ్యడానికీ. అతను తియ్యకపోతే కరెంటాఫీసు వాళ్లు తీస్తారు, తుఫాను తీస్తుంది, ఊడిపోయిన వైరు తీస్తుంది. కరెంటు ఎప్పుడు పోయినా లిమిట్ నిలబడేలా చెయ్యడం మా పని. ఒకే వరసలో లిమిట్‌నీ లెక్కనీ పెట్టి, స్టార్ట్ చేసిన ప్రతిసారీ చెరపడం మా తప్పు. చదివిన అంకె అర్థంలేనిదైతే మోటారుని కదలనివ్వకుండా ఆపాలి. మేము కదలనిచ్చాం.

బయటికొచ్చాక మూర్తిగారు, "ఎవరి ఉప్పు తింటున్నావు నువ్వు?" అన్నారు. ఆ తర్వాత నేను రిటైర్ అయ్యేదాకా పని విషయం తప్ప నాతో మాట్లాడలేదు. ఆయన్ని దుర్మార్గుడు అనను. పిన్నులు రబ్బరుతో తుడిచి చూపించినాయనే ఇదీ చేశారు. భయపడ్డ మనిషి తనకి తెలిసిన నిజాన్ని కూడా తనకి కావలసిన వైపు నుంచే పట్టుకుంటాడు. మీకూ అలాంటి యజమానులు తగులుతారు. రిపోర్టు రాసేటప్పుడు ఎలా జరిగిందో రాసి ఊరుకోకండి, ఎవరి బాధ్యతో కూడా అందులోనే రాయండి. రాయకపోతే ఆ ఖాళీని ఇంకెవరో నింపుతారు.

యార్డు పైడిరాజు మీద విచారణ ఎత్తేసింది. తర్వాత నెలల తరబడి క్రేన్ క్రేన్‌కీ ఎక్కి ప్రోగ్రాం మార్చాను. లిమిట్‌ని రెండు వేరు వేరు చోట్ల రాయించి, రెండూ కలవకపోతే కొక్కెం కదలకుండా చేశాను. కెపాసిటర్లు మార్చాను. స్టార్ట్ లెక్క తీసేశాను. దండం పెట్టడం మానమని మాత్రం ఏ ఆపరేటర్‌కీ చెప్పలేదు. ఆ ఎత్తులో రోజూ కూర్చునే మనిషి దేనికి దండం పెట్టుకోవాలో నేనెవర్ని చెప్పడానికి?

గోపాలపట్నం

విచారణ ఎత్తేశాక ఒక ఆదివారం పైడిరాజు ఫోన్ చేశాడు. అక్కకి నేనే చెప్పాలన్నాడు. గోపాలపట్నం సందులో రెండు గదుల ఇల్లు. అతను గుమ్మం బయటే ఆగిపోయాడు. నేను లోపలికి వెళ్లి కూర్చుని చెప్పాను. చిప్, మెమరీ అని మొదలెట్టి, ఆ మాటలు అక్కడ ఎందుకూ కొరగావని తెలిసి మానేశాను. "మీ తమ్ముడు హద్దు తియ్యలేదమ్మా. మేం చేసిన పెట్టె హద్దు మర్చిపోయింది. అతనికి ఆ సంగతి తెలిసే దారి లేదు," అన్నాను. దండం సంగతి కూడా చెప్పాను. అది ఎలాగూ విచారణలో పదిమంది విన్నారు, ఇంకొకరి నోటివెంట వినడం కన్నా నయమనిపించింది.

ఆవిడ పేరు నూకరత్నం. "ఆయన కూడా పొద్దున్న కొక్కేనికి దండం ఎట్టందే పని మొదలెట్టీవోరు కాదండి," అంది. తర్వాత లోపలికి చూసి కూతురితో, "మామకి మంచినీళ్లు ఇయ్యమ్మా. లోపలికొచ్చి కూకోమను," అంది.

పైడిరాజు లోపలికొచ్చాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నీళ్లన్నీ తాగాడు. నేను లేచాను. నేను చెయ్యాల్సింది అయిపోయిందని, ఇంతకాలం ఈ ఉద్యోగంలో ఇంత మంచి పని చెయ్యలేదని అనుకున్నాను.

బస్టాపు దాకా వస్తానని నా వెంట నడిచాడు. మెయిన్ రోడ్డు రాగానే ఆగి అడిగాడు.

"బాబూ, ఒక్క మాట. అబద్ధం సెప్పకండి. ఆ రోజు నాను మొదటి స్విచ్ ఎయ్యకుండా ఉంటే మా బావ బతికుండీవోడేనా?"

అబద్ధం చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు. ఉన్న నిజాల్లో మెత్తగా ఉన్నదాన్ని చెప్పాను. "ఆ బోర్డు పాడైపోయి ఉంది పైడిరాజూ. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు, కరెంటు పోయి, అదే జరిగేది. నువ్వు కాదు."

"ఇంకో రోజైతే కింద ఇంకోడు ఉండీవోడు కదండీ," అన్నాడు.

అన్నాక ఆ మాట తనకే తగిలి మొహం అటు తిప్పుకున్నాడు. ఏ తప్పు ఎక్కడ జరిగిందో వెతికి పట్టుకోవడమే నాకు వచ్చిన విద్య. పట్టుకున్నాక మనుషులు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఎవరూ నేర్పలేదు, మీకూ ఎవరూ నేర్పరు.

కొత్త ప్రోగ్రాం ఎక్కించడానికి ఆ యార్డుకి వెళ్లినప్పుడు క్యాబిన్‌లో వేరే ఆపరేటర్ ఉన్నాడు. యార్డు పైడిరాజు ఉద్యోగం తిరిగి ఇచ్చిందట, అతనే క్రేన్ ఎక్కనన్నాడట. ఏం పని చేస్తున్నాడని అడిగితే ఆపరేటర్ కిందికి చూపించాడు. కట్టల మధ్య, అప్పలస్వామి నిలబడే చోట, తల మీద కొక్కెం వేలాడుతుండగా, పైడిరాజు వంగి స్లింగ్ బిగిస్తున్నాడు. ఆ పని అతనే అడిగి తీసుకున్నాడట.